రెండో పేరు

జిగురు బియ్యం అన్నాన్ని వేడి మీదే చుట్టాలి. చల్లారిందంటే చేతికి అంటుకుపోతుంది తప్ప ఆకులో ఒదగదు. వేళ్ళు చురుక్కుమంటున్నా ఇమాస్ గబగబా లెంపెర్లు చుడుతోంది. లోపల కోడిమాంసం తురుము, పైన అరటాకు, రెండు చివర్లా వెదురు పుల్ల. నలభై కావాలి. వచ్చేది ఇద్దరే అయినా నలభై కావాలి, ఎందుకంటే అందరూ పాక్ అని, అంటే అయ్యా అని పిలిచే విరాంత గారు తిన్నన్ని తిని, మిగిలినవి ఇంటికి కట్టించుకుపోతారు. బాండుంగ్‌లో కంప్యూటర్ చదువు చదివినవాళ్ళలో ఆయన శిష్యులు కానివాళ్ళు తక్కువ గనక ఎవరూ ఏమీ అనరు.

"అన్నట్టు, మినిట్స్ కూడా ఇప్పుడే రాసి పెట్టేయ్," అన్నాడు రహాదియాన్ వంటింటి గుమ్మంలో నిలబడి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మీటింగ్ ఇంకా కాలేదు కదండీ."

"అయితే ఏంటి? ఏం తేలుతుందో మనకి తెలీదా? సాయంత్రం నీకే పని తగ్గుతుందని చెప్తున్నా."

భార్య పని తగ్గించే ఉపాయాలు చెప్పడంలో రహాదియాన్‌ని మించినవాడు లేడు. పదిహేనేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. టెలిఫోన్ కంపెనీలో ఇమాస్ ఉద్యోగం మానేసినప్పుడూ అలాంటి ఉపాయమే చెప్పాడు. "ఇద్దరం బయటికెళ్తే అమ్మనెవరు చూస్తారు? ఇంట్లో ఉండి కూడా రాకిత్ పని చేసుకోవచ్చుగా నువ్వు, హాయిగా!" ఆ హాయి అన్న మాట తల్చుకున్నప్పుడల్లా ఇమాస్‌కి ఒళ్ళు మండుతుంది. మండినా ఏమనాలో తెలీక ఊరుకుంటుంది. ఊరుకోవడం ఎంత బాగా వచ్చేసిందంటే, ఇప్పుడు తను ఊరుకుంటోందని తనకే తెలియడం లేదు.

రాకిత్ ఒక కంప్యూటర్ భాష. ఇంగ్లీషు రాని బళ్ళోని పంతులమ్మ, తాలూకా ఆఫీసు గుమాస్తా కూడా సొంత మాటల్లో ప్రోగ్రాం రాసుకునేలా, దాగో కొండవాలులోని ఈ ఇంట్లోనే తొమ్మిదేళ్ళ కిందట పుట్టింది. పుట్టించింది ముగ్గురు మిత్రులని పత్రికలు రాస్తాయి. రహాదియాన్, ఆయన గురువు విరాంత, విరాంతకే మరో శిష్యుడు బాగ్జా. నాలుగో మనిషి పేరు కృతజ్ఞతల్లో, టీ ఇచ్చినవాళ్ళతోపాటు ఉంటుంది. రాకిత్ సంస్థ డైరెక్టరుగా రహాదియాన్‌కి జీతం ఉంది. ఇమాస్‌కి లేదు. అడిగితే, "మనదే కదా, మనకి మనం జీతమేంటి?" అన్నాడు. గైడులో ప్రతి పేజీ అడుగునా ఒక వాక్యం మాత్రం వేయించాడు, 'అర్థం కాకపోతే ఇమాస్‌కు రాయండి' అని. అన్ని దీవుల నుంచీ రాస్తారు. బియ్యం ఉడికేలోపు నాలుగు జవాబులు, బట్టలు నానేలోపు ఆరు.

ఈ మధ్యాహ్నం తేలాల్సింది మూడో విడుదల సంగతి. రాకిత్‌తో పాటే పెట్టెలో వచ్చే సామాను ఒకటుంటుంది, స్టాండర్డ్ లైబ్రరీ అంటారు. కొత్త కాపురానికి గిన్నెలూ గరిటెలూ అమర్చి ఇచ్చినట్టు, ప్రోగ్రాం రాసేవాళ్ళకి జాబితా, పట్టిక, వరస లాంటివి ముందే తయారుచేసి ఇస్తారు. వాటిని ఎవరూ విప్పి చూడరు, నమ్మి వాడుకుంటారు. ఏవి పెట్టెలో ఉండాలి, ఏవి బయటుండాలి అన్నది కమిటీ చెప్పాలి. సొంత ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని ముగ్గురు మగవాళ్ళు, ఒక ఆడది. రాకిత్ జనానికిచ్చిన మాట ఒకటుంది. పెట్టెలోకి ఒకసారి చేరినదాన్ని ఇక ముట్టుకోరు. తప్పున్నా సరే మార్చరు, ఎందుకంటే లక్షల ప్రోగ్రాములు దాని మీదే నిలబడి ఉంటాయి.

ఈసారి వరస చేరబోతోంది. వచ్చినవాళ్ళందరిలో ఎవరి అవసరం పెద్దదో వాళ్ళని ముందు బయటికి పంపే వరస. అలాంటివి రెండున్నాయి. రహాదియాన్ రాసింది ఇరవై లైన్లు. గైడులో ఉదాహరణగా ఉంటుంది, దేశమంతా దాన్నే చూసి రాసుకుంటారు. సింగపూర్ సభలో దాన్ని చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు. రెండోది ఇమాస్ రాసింది. వచ్చిన ప్రతి మనిషికీ వచ్చిన క్రమం తాలూకు అంకె తగిలించి పెట్టుకుంటుంది గనక కాస్త పెద్దది. ఆరేళ్ళుగా దాన్ని నెట్‌లో తనే పెట్టి, తనే బాగుచేస్తోంది. "మంచిదే, కానీ బరువు," అంటాడు రహాదియాన్. ఇమాస్ లావైన రోజుల్లో ఇమాస్ గురించీ అదే మాట అన్నాడు.

మంగళవారం ఒక ఉత్తరం వచ్చింది. దక్షిణాన తేయాకు కొండల్లోని ఒక జిల్లా ఆసుపత్రి నుంచి, తితిన్ అనే నర్సు రాసింది. "మేడమ్, మీ పేరు గైడు అడుగున చూసి రాస్తున్నాను. మా దగ్గర రక్తశుద్ధి యంత్రాలు నాలుగే. కిడ్నీ రోగుల వెయిటింగ్ లిస్టు రాకిత్‌లో ఉంది, రాసినబ్బాయి ఉద్యోగం మారిపోయాడు. కంప్యూటర్ చెప్పిన పేరే పిలవాలి. మేం మధ్యలో మారిస్తే సిఫార్సు చేశామంటారు. ఎనార్ అని ఒకావిడ, యాభై మూడేళ్ళు, తేయాకు కోసే మనిషి. ఇరవై మూడు రోజులుగా ఆవిడ పేరు రెండో చోటే ఉంది. ఆవిడ తర్వాత వచ్చినవాళ్ళు పదిమంది వెళ్ళిపోయారు. అందరి తీవ్రతా ఒకటే. కాళ్ళకి నీరు దిగి ఆవిడ చెప్పుల్లో పాదం పట్టడం లేదు. మేం ఏదైనా తప్పు నొక్కుతున్నామా?"

మొదటిసారి చదివినప్పుడే ఇమాస్‌కి అర్థమైంది. తప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. కానీ 'నీకు తొందరెక్కువ, సరిగ్గా చూసుకోకుండా నోరు జారతావు' అని వినీ వినీ ఉన్న మనిషి. చూసుకుని, మళ్ళీ చూసుకుని చెప్పాలనుకుంది. మంగళవారం అత్తగారి కళ్ళ డాక్టరు. బుధవారం పొద్దున వాషింగ్ మిషన్ ఆగిపోతే దుప్పట్లు చేత్తో ఉతికింది, మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. నిదానంగా కూర్చుని, తితిన్ లిస్టు తెప్పించుకుని పరీక్షించేసరికి బుధవారం సాయంత్రం దాటింది. ఈవేళ గురువారం, తెల్లవారుతూనే జవాబు పంపింది. 'రోగి కుటుంబం చేత సంతకం పెట్టించి ఎనార్ పేరు కొట్టేయండి, మళ్ళీ కొత్తగా చేర్చండి. రెండో పిలుపుకి వచ్చేస్తుంది.' ఇంతవరకూ బదులు లేదు.

అత్తగారు నెమ్మదిగా వచ్చి పీట లాక్కుని కూర్చుంది. ఇమాస్ పళ్ళెంలో ఐదు లెంపెర్లు వరసగా పేర్చి, వాటి వంకే చూస్తోంది.

"ఏంటే ఆ ఆటలు? పిల్లకాయవా?"

"ఆట కాదు అత్తయ్యా. మీ అబ్బాయి రాసిన వరస. చూడండి, ఇప్పుడు మొదటిది తీసేశాను. ఖాళీ పడింది కదా, ఆ ఖాళీలోకి ఆఖరిదాన్ని తెచ్చి పెడతాడు. కొత్తది వస్తే చివర చేరుస్తాడు. మళ్ళీ మొదటిది తీశాను, మళ్ళీ ఆఖరిది ఎక్కింది. అన్నీ సమానమే గనక ఇంక దేన్నీ కదపడు."

ముసలావిడ కాటరాక్ట్ కళ్ళు చికిలించి చూసింది. ఇమాస్ తీస్తోంది, పెడుతోంది. మొదటివి పోతున్నాయి, చివరివి పోతున్నాయి.

"మరి ఆ రెండోది ఎప్పుడు తింటారే?"

"కొత్తవి వస్తూ ఉన్నంతకాలం ఎవరూ తినరు. అక్కడే పాచిపోతుంది."

"అదేం వరసే, నీ మొహం! చేపల బజార్లో కూడా అలా జరగదు," అంది అత్తగారు. ఈ ఇంట్లో ఇమాస్ ఎప్పుడైనా ఒక మాటకి సమర్థన పొందిందంటే అది ఇదే మొదలు. ఏడుపొచ్చింది.

పోస్టాఫీసులో, బ్యాంకులో ఎవరూ గమనించి ఉండరు. సాయంత్రానికి వరస ఖాళీ అయిపోతుంది, రెండోవాడు అందరికంటే చివర, తిట్టుకుంటూ అయినా ఇంటికెళ్తాడు. ఎప్పటికీ ఖాళీ కాని వరసలు వేరు. అవి ఏయే చోట్ల ఉంటాయో ఇమాస్ నిన్నటి నుంచి ఆలోచిస్తోంది. ఆలోచించకుండా ఉండలేకపోతోంది. గుండె ఆపరేషన్లు. రక్తం కోసం ఎదురుచూసేవాళ్ళు. కొండచరియలు విరిగిన ఊళ్ళకి పంపే లారీలు. గైడు చూసి రాసుకున్న ప్రతిచోటా ఒక రెండో కుర్చీ, అందులో ఎవరో ఒకరు. ఆ మనిషిని లేపితే ఆఖరున ఉన్న మరో మనిషి వచ్చి అందులో కూర్చుంటుంది. ఆ కుర్చీ ఖాళీగా ఉండదు.

రహాదియాన్ రెండోసారి కాఫీకి వచ్చినప్పుడు చెప్పింది. ఉత్తరం చూపించింది. ఆయన చదివాడు, చదవలేదని అనడానికి లేదు.

"పాపం," అన్నాడు. "సరే, దానికి వేరే ఏదైనా చూద్దాంలే. విడుదల సోమవారం. మంత్రిత్వశాఖ వాళ్ళకి మాటిచ్చాను, దేశంలో ఆసుపత్రులన్నీ మూడో విడుదలకే మారుతున్నాయి. ఇప్పుడు ఇది ఎత్తకు."

"ఆసుపత్రులన్నీ మారుతున్నాయి గనకే ఎత్తాలండీ. పెట్టెలోకి వెళ్ళిందంటే ఇక మార్చరు కదా."

"ఇమాస్." ఆ పిలుపు ఆమెకు తెలుసు. పెద్ద గొంతు కాదు. పిల్లి మీద చెయ్యి వేసి కదలకుండా పట్టుకున్నట్టుంటుంది. "నాకన్నీ చెప్పినట్టే ఇది కూడా చెప్పావు. విన్నాను. మినిట్స్ రాసెయ్యి. గైడులోని వరసని పెట్టెలో చేర్చడానికి అందరూ సమ్మతించారు, అంతే, ఒక్క వాక్యం."

చెప్పింది నిజమే. ఇదే మొదటిసారి కాదు చెప్పడం. ఆరేళ్ళ కిందట సింగపూర్ సభకు వెళ్ళే ముందు ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ చెప్పింది, 'అవసరం ఒకటే అయినవాళ్ళలో ముందొచ్చినవాళ్ళు వెనకబడిపోతున్నారండీ' అని. ఆయన పెట్టె సర్దుకుంటూ నవ్వాడు. "సమానమైనవాళ్ళలో ఎవరు ముందైతేనేం? సమానమే కదా!" ఆ మాట ఆయనకే ఎంతో నచ్చి సభలో కూడా అన్నాడట, అందరూ నవ్వారట. ఇమాస్ చొక్కా మడతపెట్టింది. ఆ తర్వాత ఎవరితోనూ గొడవ పడకుండా తన వరస తను రాసుకుని, పక్కన పెట్టుకుంది. కావలసినవాళ్ళు వాడుకుంటారులే అనుకుంది. అదొక మంచితనం అనుకుంది. ఇప్పుడు ఆ మంచితనాన్ని తల్చుకుంటే భయం వేస్తోంది.

మూడింటికి వాన మొదలైంది, వానతోపాటే కమిటీ వచ్చింది. రాకిత్ కమిటీలో చేతులెత్తడం, లెక్కపెట్టడం లేవు. అందరూ ఒకమాట మీదికి వచ్చేదాకా మాట్లాడతారు, ఒక్కరు కాదన్నా ఆ పని ఆగిపోతుంది. చివర్లో రహాదియాన్, "అందరికీ సమ్మతమేగా?" అంటాడు. ఎవరూ మాట్లాడకపోతే సమ్మతమే. తొమ్మిదేళ్ళుగా ఆ మాట అన్నప్పుడు ఇమాస్ ఎక్కువసార్లు వంటింట్లోనే ఉంది. వచ్చి, 'అందరూ సమ్మతించారు' అని తనే రాసింది.

ముందు, ఈసారి కొత్తగా చేర్చాలనుకున్నవాటిలో ఒకటైన గొలుసు జాబితా దగ్గర గంట పట్టింది. ఎవరూ వాడటం లేదు, తీసేద్దాం అన్నాడు బాగ్జా. విరాంత లెంపెర్ విప్పుతూ మండిపడ్డాడు. "ముప్పై ఏళ్ళు అదే చెప్పి బతికానయ్యా. అది తీసేస్తే నన్ను తీసేసినట్టే."

"మిమ్మల్నెవరు తీస్తారు పాక్! ఉంచేద్దాం," అని రహాదియాన్ నవ్వాడు. ఉంచేశారు. తర్వాత ఇమాస్ వైపు తిరిగాడు. "బాజిగుర్ వేడిచేసి పట్టుకురా, పాక్‌కి చలేస్తోంది."

ఆమె లేచింది. కొబ్బరిపాలు, తాటిబెల్లం పొయ్యి మీద పెడుతుంటే వెనక ఆయన గొంతు కాస్త తగ్గింది. "ఇక వరస. గైడులోదే పెట్టేద్దాం, జనానికి అలవాటైంది కూడాను." అందుకోసమే తనని లేపాడని అర్థమైంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తితిన్ సందేశం.

"మేడమ్, మీరు చెప్పిన ఉపాయం పొద్దున్నే చూశాను. ఎనార్ కూతుర్ని పిలిపిద్దామనుకుంటుంటే ఆ అమ్మాయే వచ్చింది. పేరు కొట్టేయమని సంతకం పెట్టింది. మళ్ళీ రాయడానికి కాదు మేడమ్. వాళ్ళమ్మ నిన్న మధ్యాహ్నమే పోయిందట. ఇప్పుడు ఆ చోట్లోకి ఇంకో పేరు వచ్చింది. ఈవిడనైనా బయటికెలా తియ్యాలి?"

నిన్న మధ్యాహ్నం. ఆడపడుచుకి వేరుశెనగ పచ్చడి రుబ్బుతున్న సమయం. 'అదే ఉపాయం ఇప్పుడే చేయండి,' అని పంపింది. పంపుతున్నప్పుడే తెలుసు, రేపటికల్లా ఆ కుర్చీలో మరొకరు ఉంటారని.

"అందరికీ సమ్మతమేగా?" అవతలి గదిలోంచి వినబడింది. తర్వాత వాన చప్పుడు. ఆ నిశ్శబ్దంలో తను కూడా ఉంది. ఎప్పుడూ ఉంది.

పొయ్యి ఆపేసి, ఉత్త చేతులతో వచ్చి నిలబడింది. "నాకు సమ్మతం కాదు."

"ఏంటి వదినా?" అన్నాడు బాగ్జా.

"వరస సంగతి. నాకు సమ్మతం కాదు."

రహాదియాన్ మిగతా ఇద్దరికేసి చూసి నవ్వాడు. "పొద్దుట్నుంచి పొయ్యి దగ్గరే ఉంది పాపం."

"బాగ్జా, కంప్యూటర్ తియ్యి. గైడులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించు. ఐదు పేర్లు పెట్టు, అందరికీ ఒకే తీవ్రత. ఒకర్ని పిలువు, ఒకర్ని చేర్చు. అలా తిప్పుతూ ఉండు."

బాగ్జా ముందు రహాదియాన్ మొహం చూశాడు. తర్వాత వదిన మొహం చూశాడు, ఏం కనిపించిందో, మారు మాట్లాడకుండా తీశాడు. రెండు నిమిషాలు టకటకలాడించాడు. తర్వాత ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏమైందిరా?" అన్నాడు విరాంత.

"ఐదొందల సార్లు తిప్పాను పాక్. రెండోది కదల్లేదు."

"ఎవరి పేరు పెట్టావు?"

"మీదే పాక్... గుర్తొచ్చిన పేర్లు పెట్టాను."

విరాంత చేతిలోని లెంపెర్ పళ్ళెంలో పెట్టేశాడు.

"ఇది తప్పు కాదు," అన్నాడు రహాదియాన్ వెంటనే. "సమానమైనవాళ్ళ మధ్య క్రమం ఉంటుందని మనం ఎక్కడా మాటివ్వలేదు. అడుగున ఒక గమనిక రాస్తే సరిపోతుంది."

"అవునవును," అన్నాడు విరాంత, ఊపిరి పీల్చుకుని. "గమనిక పెడదాం. అందరికీ సంతోషం."

"అడుగున ఇప్పటికే ఒక గమనిక ఉంది కదా పాక్. అర్థం కాకపోతే ఇమాస్‌కు రాయండి అని. ఒకావిడ రాసింది." ఫోన్ తీసి, మంగళవారం ఉత్తరం, ఇప్పుడొచ్చిన సందేశం, రెండూ పైకి చదివింది. 'మళ్ళీ రాయడానికి కాదు' అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

బాగ్జా కంప్యూటర్ మూసేశాడు.

"ఇమాస్, ఇంక చాలు," అన్నాడు రహాదియాన్. "ఇవన్నీ మనం ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇది ఇల్లేనండీ."

"అమ్మా ఇమాస్," విరాంత గొంతు మెత్తబడింది. శిష్యులు తప్పు దారి పట్టినప్పుడు వాడే గొంతు అది. "తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా మనలో కాదన్నవాళ్ళు లేరు. సోమవారం మంత్రిగారు వస్తున్నారు. నీ ఒక్కదాని కోసం అంతా ఆపమంటావా?"

"ఆపండి పాక్. నా వరస పెట్టెలో పెట్టమని కూడా అడగడం లేదు, మీకిష్టమైతే ముగ్గురూ కూర్చుని కొత్తది రాయండి. ఇది మాత్రం వెళ్ళకూడదు. గైడులోంచి కూడా ఈవేళే పోవాలి. రాసుకున్నవాళ్ళందరికీ మనమే కబురు పెట్టాలి. నేనొక్కదాన్నే కాదు, నలుగురం."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అది సమ్మతం కాదని ఈసారి అందరికీ తెలుస్తోంది. చివరికి రహాదియాన్ కుర్చీలో వెనక్కి వాలాడు. మొహం ఎర్రబడింది. "సరే. వాయిదా వేశామని రాయి. కారణాలేం రాయకు."

ఇమాస్ తన ముందున్న ల్యాప్‌టాప్‌ని ఆయన వైపు తిప్పింది. పొద్దున్న రాసిపెట్టమన్న మినిట్స్ పేజీ తెరిచే ఉంది, తేదీ తప్ప అక్షరం లేదు.

"మీరు రాయండి."

"నేనా?"

"ఇమాస్ ఒప్పుకోలేదు అని రాయండి."

ఆయన బాగ్జా వైపు చూశాడు. బాగ్జా కిటికీలోంచి వానని చూస్తున్నాడు. రహాదియాన్ రెండు వేళ్ళతో కొట్టాడు. రెండు మాటలకి అంతసేపు పడుతుందని ఇమాస్‌కి ఎప్పుడూ తెలీదు.

"కారణం, ఎనార్. వయసు యాభై మూడు."

అదీ కొట్టాడు. కొట్టి, ఇంతటితో గడిచిందన్నట్టు మూత మీద చెయ్యి వేశాడు. "అయిందా?"

"ఇంకొక్క వాక్యం ఉందండీ," అంది ఇమాస్, ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఈ తప్పు ఆరేళ్ళ కిందటే ఇద్దరికి తెలుసు. ముందు నా పేరు రాయండి, తర్వాత మీది."